పేరున్న పాత్రలు, పేరులేని చేతులు

1950లో అమెరికాలో అచ్చయిన ఒక బొమ్మల కథ ఉంది. పేరు 'హారర్ బినీత్ ద స్ట్రీట్స్'. 'హాంట్ ఆఫ్ ఫియర్' అనే పత్రికలో వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు రాత్రిపూట వీధిలో నడిచి వెళుతుంటారు. వెనక ఎవరో వస్తున్నట్టు అనిపిస్తుంది. తప్పించుకోబోయి చివరికి నగరం అడుగున ఉన్న మురుగు సొరంగాల్లోకి చేరతారు. అక్కడ సమాధుల కాపలాదార్లు వాళ్ళని పట్టుకుని, తమ కథలు అచ్చు వెయ్యాలంటూ కాంట్రాక్టు కాగితాల మీద సంతకాలు చేయించుకుంటారు. ఆ ఇద్దరూ నిజంగా ఉన్న మనుషులే. ఒకరు ఆ పత్రిక యజమాని విలియం గెయిన్స్. రెండోవారు ఎడిటర్ ఆల్ ఫెల్డ్‌స్టెయిన్. ఆ కథకి బొమ్మలు వేసింది కూడా ఫెల్డ్‌స్టెయినే. తన బొమ్మ తానే వేసుకుని, తన పేరు తానే రాసుకుని, తన కథలోకి తానే భయపడుతూ నడిచి వెళ్ళాడన్నమాట.

పాత హారర్ కామిక్స్‌లో రచయితలు, చిత్రకారులు ఇలా పాత్రలుగా వచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఆ రకం సాహిత్యం ఇష్టపడేవాళ్ళు దీన్ని సరదాగా, పాఠకులతో వేసుకున్న జోకుగా చూస్తారు. సరదా ఉన్న మాట నిజమే. కానీ సాహిత్య చరిత్ర చదివే స్త్రీగా నాకు వేరే ప్రశ్న వస్తుంది. తన పేరుతో, తన మొహంతో కథలోకి రాగలిగింది ఎవరు? అదే పేజీ మీద పని చేసి కూడా రాలేకపోయింది ఎవరు?

ఇ.సి. కామిక్స్ అని పిలిచే ఆ సంస్థని 1944లో మాక్స్ గెయిన్స్ పెట్టాడు. అప్పుడు 'ఇ' అంటే ఎడ్యుకేషనల్. బైబిల్ కథలు, చరిత్ర బొమ్మల్లో చెప్పాలని ఆయన ఉద్దేశం. 1947లో పడవ ప్రమాదంలో ఆయన చనిపోయాక కొడుకు విలియం చేతికి సంస్థ వచ్చింది. 'ఎడ్యుకేషనల్' కాస్తా 'ఎంటర్‌టైనింగ్' అయింది. 1950లో మూడు భయానక పత్రికలు మొదలయ్యాయి. గెయిన్స్ రాత్రిళ్ళు నిద్రపట్టక కథలు చదివి ఇతివృత్తాలు పోగుచేసుకొచ్చేవాడు. ఫెల్డ్‌స్టెయిన్ వాటిని నేరుగా బొమ్మలు వేసే అట్టల మీదే రాసేవాడు. ఆ మాటల చుట్టూ చిత్రకారులు బొమ్మలు వేసేవాళ్ళు. ఒక్కో పత్రికకి ఒక్కో కథకుడు. క్రిప్ట్ కీపర్, వాల్ట్ కీపర్, ఓల్డ్ విచ్. ముగ్గురూ కుళ్ళిన పళ్ళతో, వెకిలి నవ్వులతో పాఠకుల్ని పలకరించి కథ మొదలుపెట్టి, చివర మళ్ళీ వచ్చి ఒక పిచ్చి జోకు వేసి పోయేవాళ్ళు.

ముగ్గురిలో స్త్రీ ఓల్డ్ విచ్ ఒక్కతే. కాగుతున్న కొప్పెర ముందు కూర్చుని కథలు చెప్పే ముసలిది. ప్రపంచంలో ఏ ఊళ్ళో అయినా పిల్లలకి భయం కథలు చెప్పింది ముసలమ్మలే కదా. ఆ ముసలమ్మ ఇక్కడ మంత్రగత్తె అయింది. ఆమె నోట్లో మాటలు పెట్టింది ఫెల్డ్‌స్టెయిన్, ఆమె మొహానికి పేరు తెచ్చిన గీత గ్రాహం ఇంగెల్స్‌ది. 'ఘాస్ట్‌లీ' అని సంతకం పెట్టేవాడాయన. స్త్రీ గొంతు అక్కడ ఉంది, కాకపోతే ముసుగుగా ఉంది.

1952లో 'టేల్స్ ఫ్రం ద క్రిప్ట్' 31వ సంచికలో 'కామెన్స్ కలామిటీ' అనే కథ వచ్చింది. అందులో ముఖ్య పాత్ర చిత్రకారుడు జాక్ కామెన్. అందమైన అమ్మాయిల బొమ్మలు వేసుకునే సౌమ్యుడు భయానక కథలకి బొమ్మలు వెయ్యాల్సి రావడం, ఆ పని అతని స్వభావాన్నే మార్చెయ్యడం అందులో కథ. వేసింది కామెనే. నవ్వుకుంటూ చదివినా అందులో ఒక నిజం ఉంది. మనం చేసే పని మనల్ని ఏం చేస్తుంది అన్న ప్రశ్న కళాకారులందరిదీ. ఆ ప్రశ్న వేసుకునే చోటు కామెన్‌కి దొరికింది.

అదే ఆఫీసులో మేరీ సెవెరిన్ అనే యువతి ఉండేది. చిత్రకారుడు జాన్ సెవెరిన్ చెల్లెలు. రంగులు వెయ్యడం ఆమె పని. బొమ్మ గీసినవాళ్ళు మూలన సంతకం పెట్టేవాళ్ళు. రంగులు వేసినవాళ్ళకి సంతకం లేదు. మరీ ఘోరంగా ఉన్న బొమ్మలొస్తే మేరీ ముదురు నీలం పులిమేస్తుందని ఆ ఆఫీసులో ఒక జోకు పుట్టి, ఆమె ఇ.సి. 'అంతరాత్మ' అన్న పేరుగా స్థిరపడింది. ఈ జోకుని రెండు రకాలుగా చదవచ్చు. మగవాళ్ళు రక్తం పారిస్తుంటే పక్కన కూర్చుని కప్పిపెట్టే మంచి అమ్మాయి అని ఒకటి. ఏది ఎంత కనపడాలో, చదివేవాళ్ళ కన్ను ఎక్కడ ఆగాలో నిర్ణయించిన కళాకారిణి అని రెండోది. మొదటిది చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి అదే మిగిలింది. మేరీ గొప్ప కార్టూనిస్టు. తర్వాత మార్వెల్ సంస్థలో డాక్టర్ స్ట్రేంజ్, హల్క్ వంటివి గీసింది. 1967లో మొదలైన 'నాట్ బ్రాండ్ ఎక్' అనే వ్యంగ్య పత్రికలో తోటి ఉద్యోగుల వ్యంగ్య చిత్రాలు వేసి వాళ్ళందర్నీ పాత్రలు చేసేసింది. 2018లో చనిపోయింది. రంగు డబ్బాల దగ్గర్నుంచి గీసే కలం దాకా రావడానికి ఆమెకి పట్టిన కాలం ఆ పక్క బల్లల దగ్గర కూర్చున్న మగవాళ్ళకి పట్టలేదు.

ఈ కథల్లో స్త్రీలు ఏమయ్యారన్నది కూడా చూడాలి. చాలావాటిలో శవాలయ్యారు, లేదా డబ్బుకోసం మొగుణ్ణి చంపే భార్యలయ్యారు. అయితే అంతటితో తీర్పు చెప్పేస్తే అన్యాయం. 1952లో 'షాక్ సస్పెన్‌స్టోరీస్' మొదటి సంచికలో 'ద నీట్ జాబ్' అని ఒక కథ ఉంది. బొమ్మలు కామెన్‌వి. ఇంట్లో ప్రతి వస్తువూ దాని చోటే ఉండాలని రాచి రంపాన పెట్టే భర్త. ఏది ముట్టుకున్నా తప్పే అయిపోయే భార్య. చివరికి ఆమె అతన్ని చంపి, ముక్కల్ని అతనికి ఇష్టమైన పద్ధతిలోనే సీసాల్లో సర్ది, చీటీలు అంటించి పెడుతుంది. అరవై డెబ్భై ఏళ్ళ తర్వాత చదువుతుంటే దయ్యాలున్న కథలకన్నా ఇదే భయపెడుతుంది. ఎందుకంటే అందులో భయం వంటింట్లోంచి వస్తుంది. ఆ ఇంటిని మనం గుర్తుపడతాం.

1954లో ఈ పత్రికల మీద పెద్ద దుమారం లేచింది. పిల్లల నేరాలకి కామిక్సే కారణమని మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వర్ధమ్ 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' అనే పుస్తకం రాశాడు. (2012లో కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన కాగితాలు తిరగేసి, పిల్లల మాటల్ని ఆయన మార్చి, కలిపి తనకి కావలసినట్టు వాడుకున్నాడని చూపించింది.) ఏప్రిల్ 21న సెనెట్ ఉపసంఘం ముందు గెయిన్స్ సాక్ష్యం చెప్పాడు. సెనెటర్ కెఫావర్ ఒక ముఖచిత్రం ఎత్తి చూపించాడు. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో జుట్టు పట్టుకుని ఎత్తిన ఒక స్త్రీ తల. ఇది మంచి అభిరుచేనా అని ప్రశ్న. హారర్ కామిక్ ముఖచిత్రంగా మంచిదేనని, తల ఇంకా పైకెత్తి మెడలోంచి కారే రక్తం చూపిస్తే చెడ్డదయ్యేదని జవాబు. కామిక్స్ చరిత్రలన్నిట్లో ఈ సంభాషణ కనపడుతుంది. తల ఎంత ఎత్తులో ఉండాలి, రక్తం ఎంత కారాలి అని ఇద్దరు మగవాళ్ళ మధ్య వాదన. ఆ తల ఎవరిది, ఎప్పుడూ ఆ తలే ఎందుకు అన్నది ఆ వాదనలో విషయమే కాలేదు.

దాని తర్వాత ప్రచురణకర్తలే కామిక్స్ కోడ్ అని నిబంధనలు పెట్టుకున్నారు. పత్రికల పేర్లలో 'హారర్', 'టెర్రర్' అన్న మాటలు ఉండకూడదు. రక్తపిశాచాలు, నడిచే శవాలు ఉండకూడదు. ఇ.సి. తన భయానక పత్రికలు మూసేసింది. అదే నిబంధనల్లో మనం ఆగి చదవాల్సినవి రెండున్నాయి. విడాకుల్ని కోరదగ్గవిగా చూపించకూడదు. ప్రేమకథలు గృహం విలువనీ, వివాహ పవిత్రతనీ నొక్కి చెప్పాలి. దయ్యాల్ని తరిమే పేరుతో 'ద నీట్ జాబ్' వంటి కథ కూడా రాకుండా చేశారు. ఇల్లే భయంకరమైన చోటు కావచ్చునని చెప్పే దారి పిల్లల రక్షణ పేరుతో మూసుకుపోయింది. స్త్రీలకి ఈ రకం రక్షణ ఎంత అలవాటో చెప్పక్కర్లేదు.

1971 నాటికి నిబంధనలు సడలాయి. ఆ ఏడు డి.సి. సంస్థ 'హౌస్ ఆఫ్ సీక్రెట్స్' 92వ సంచికలో 'స్వాంప్ థింగ్' మొదటి కథ వచ్చింది. లెన్ వీన్ రచన, బెర్నీ రైట్‌సన్ బొమ్మలు. అప్పటికి ఆ పత్రికల కథకులు కూడా స్నేహితుల మొహాలతోనే ఉన్నారు. కెయిన్ అనే కథకుడి రూపం లెన్ వీన్‌దేనంటారు, ఏబెల్ రూపం ఆ సంస్థలో పనిచేసిన మార్క్ హనర్‌ఫెల్డ్‌ది. రైట్‌సన్ తన కథకి తోటివాళ్ళని నమూనాలుగా నిలబెట్టుకున్నాడు. ముఖచిత్రం మీద ఒక స్త్రీ, ఆమె వెనకనుంచి వస్తున్న బురద ఆకారం. ఆ స్త్రీకి నమూనాగా కూర్చున్నది లూయిజ్ జోన్స్. అప్పటికి చిత్రకారుల గుంపులో ఒక చిత్రకారుడి భార్యగా మాత్రమే తెలిసిన మనిషి. కథలో ఆమె పని భయపడడం.

ఆ తర్వాతి సంగతి నాకు ఇష్టం. 1974లో లూయిజ్ వారెన్ సంస్థలో చేరి, కొద్దికాలంలోనే 'క్రీపీ', 'ఈరీ', 'వాంపిరెల్లా' అనే భయానక పత్రికలకి ఎడిటర్ అయింది. ఇంకో చిత్రకారుడి బొమ్మలో భయపడుతూ కూర్చున్న మనిషే, ఎవరు ఏ బొమ్మ వెయ్యాలో నిర్ణయించే కుర్చీలోకి వచ్చింది. తర్వాత లూయిజ్ సైమన్‌సన్ అన్న పేరుతో, జూన్ బ్రిగ్‌మన్ అనే చిత్రకారిణితో కలిసి 1984లో 'పవర్ ప్యాక్' సృష్టించింది. రచనా స్త్రీదే, బొమ్మా స్త్రీదే. ఇంత జరిగినా 'స్వాంప్ థింగ్' చరిత్ర చెప్పేటప్పుడు ఆమె ముందుగా ఆ అట్ట మీది అమ్మాయిగానే గుర్తొస్తుంది.

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు చందమామ గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? మనకి ఇ.సి. లాంటి హారర్ కామిక్స్ లేవు. బేతాళ కథలున్నాయి. కత్తి పట్టుకుని నడిచే రాజు, భుజం మీద శవం, శవంలోంచి మాట్లాడే బేతాళుడు. శంకర్ వేసిన ఆ బొమ్మ చూడకుండా పెరిగిన తెలుగు పిల్లలు మొన్నమొన్నటిదాకా తక్కువ. (కె.సి. శివశంకరన్ 2020లో తొంభై ఆరో ఏట పోయారు.) కథ చెప్పే శవం అన్న ఊహ క్రిప్ట్ కీపర్ పుట్టకముందు వందల ఏళ్ళ నాటిది. ఇక్కడ వినేవాడు కూడా పాత్రే. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం పోయి, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. నోరు విప్పినా నష్టమే, విప్పకపోయినా నష్టమే. ఈ ఇరకాటం రాజుది అని కథ చెబుతుంది గానీ, ఎంతమంది స్త్రీల బతుకు ఇది!

దాచేపల్లిలో మా అమ్మమ్మకి చదువు రాదు. బేతాళ కథలు మాత్రం చాలా వచ్చు. కరెంటు పోయిన రాత్రుళ్ళు నాపరాళ్ళ అరుగు మీద పడుకోబెట్టి చెప్పేది. తలలు మారిన కథ ఒకసారి చెప్పింది. భర్త, అన్న ఇద్దరూ అమ్మవారి గుళ్ళో తలలు నరుక్కుంటారు. దేవి కరుణిస్తే ఆ అమ్మాయి తొందరలో తలలు తారుమారుగా అతికిస్తుంది. ఇప్పుడు మొగుడెవరు? తల ఎవరిదైతే అతనే మొగుడు, అన్ని అవయవాల్లో తలే ముఖ్యం కాబట్టి, అని విక్రమార్కుడి తీర్పు. మా అమ్మమ్మ అక్కడితో ఆపలేదు. "బేతాళుడు రాజునడిగాడు, రాజు చెప్పాడు, బానే ఉంది. ఆ పిల్లనెవరన్నా అడిగారా?" అంది. నేను డాక్టరేటు కోసం చదివిన విమర్శ గ్రంథాల్లో ఈ వాక్యం ఎన్నో రూపాల్లో ఎదురైంది. మొదట విన్నది మాత్రం ఆ అరుగు మీద.

చందమామలో గెయిన్స్, ఫెల్డ్‌స్టెయిన్‌ల లాగా ఎవరూ కథలోకి రాలేదు. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక పద్ధతి వేరు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపించినా, ఆయన రాసి, తిరగరాసిన పేజీల మీద ఆయన పేరు వెతికితే దొరకదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళూ అంతే. పత్రిక పేరే అందరి పేరు. ఇది ఒకరకంగా గొప్ప వినయం. కానీ మగ రచయితల విషయంలో ఆ లోటు తర్వాత తీరింది. అభిమానులు వెతికి, ఏది ఎవరు రాశారో తేల్చి, పుస్తకాలు వేశారు. చందమామకి కథలు పంపిన స్త్రీల విషయంలో అంత వెతుకులాట జరగలేదు. ఎన్నో చందమామ కథల కింద కనపడే 'వసుంధర' అన్న పేరే తీసుకోండి. ఆ పేరు వెనక జొన్నలగడ్డ రాజగోపాలరావు, రామలక్ష్మి దంపతులిద్దరూ ఉన్నారు. ఆ స్త్రీ పేరులో స్త్రీ వాటా ఎంత అని అడిగినవాళ్ళు ఎందరు?

బేతాళ కథలు మనకి సోమదేవుడి 'కథాసరిత్సాగరం' ద్వారా వచ్చాయి. పదకొండో శతాబ్దంలో కాశ్మీర రాణి సూర్యవతి కోసం ఆయన కూర్చిన గ్రంథం. దానికి మూలం గుణాఢ్యుడి 'బృహత్కథ' అని చెబుతారు. ఈ గుణాఢ్యుడి కథ కూడా సోమదేవుడు చెప్పాడు. రచయిత పాత్రగా ఉన్న భయానక కథ అంటే ఇదే. పిశాచం నోట విన్న కథల్ని పిశాచాల భాషలో, అడవిలో సిరా దొరక్క తన నెత్తురుతో, ఏడేళ్ళపాటు ఏడు లక్షల శ్లోకాలుగా రాశాడు. శాతవాహన రాజు దాన్ని తిరస్కరిస్తే, ఒక్కో ఆకూ చదివి మంటలో వేశాడు. జంతువులు మేత మానేసి కన్నీళ్ళతో విన్నాయి. రాజు వచ్చేసరికి లక్ష శ్లోకాలే మిగిలాయి. శాతవాహనులంటే మా జిల్లా వాళ్ళకి అమరావతి స్తూపం గుర్తొస్తుంది గానీ, కథలోని రాజధాని ప్రతిష్ఠానం, ఇప్పటి మహారాష్ట్రలోని పైఠాన్.

ఇంతకీ గుణాఢ్యుడు అడవికి ఎందుకు పోయాడు? రాజు రాణులతో జలకాలాడుతుంటే ఒక రాణి నీళ్ళు చల్లొద్దని సంస్కృతంలో అంది. 'మోదకైః' అన్న మాటలో 'మా', 'ఉదకైః' అన్న సంధి రాజుకి తెలియలేదు. లడ్లు తెప్పించాడు. ఆమె నవ్వింది. రాజు సిగ్గుపడి వ్యాకరణం నేర్చుకోవాలనుకున్నాడు. ఎన్నాళ్ళలో నేర్పగలరన్న దాని మీద పండితుల మధ్య పందెం పడింది. గుణాఢ్యుడు ఓడి, సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేశాడు. పైశాచి తప్ప మరో భాష మిగల్లేదు. అంటే బృహత్కథ పుట్టుకకి తొలి కారణం ఒక చదువుకున్న స్త్రీ నవ్వు. అంతకుముందు కూడా శివుడు చెప్పిన కథని పుష్పదంతుడు చాటుగా విని భార్య జయకి చెబితే, ఆమె పార్వతికే తిరిగి చెప్పడంతో శాపాలు మొదలయ్యాయి. నెత్తుటితో రాసిన కవి మనకి గుర్తున్నాడు. సంధి తెలిసిన రాణి గుర్తుందా?

రచయిత తన కథలోకి పేరుతో రావడం మన కావ్యాల్లో మామూలే. అవతారికలో కవి తన వంశం, గురువు, కృతిపతి అన్నీ చెప్పుకుంటాడు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ముద్దుపళని కూడా 'రాధికా సాంత్వనం'లో చెప్పుకుంది. కాకపోతే తన సాహిత్య వారసత్వాన్ని అవ్వ, మేనత్తల నుంచి చెప్పుకుంది. పంతొమ్మిదో శతాబ్దపు అచ్చుప్రతిలో ఆ అవతారికే లేదు. ప్రతి ఆశ్వాసం చివరా ఆమె తన పేరు చెప్పుకున్న భాగాలూ లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వాటిని తిరిగి చేర్చి అచ్చు వేయించింది. మరుసటేడు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. అశ్లీలం అని చెప్పిన కారణం అందరికీ తెలుసు. దానికన్నా ముందు, చడీచప్పుడు లేకుండా పుస్తకంలోంచి తీసేసింది ఆమె పేరుని, ఆమె అవ్వ పేరుని.

అమెరికాలో నాగరత్నమ్మ లాంటి పని చేసింది ట్రీనా రాబిన్స్. 1969లో వాంపిరెల్లా దుస్తులు ఊహించిన చిత్రకారిణి ఆమే. 1970లో అందరూ స్త్రీలే రాసి గీసిన 'ఇట్ ఎయింట్ మీ బేబ్' వెలువరించింది. తర్వాత దశాబ్దాలపాటు పాత పత్రికలు తిరగేసి, కామిక్స్‌లో పనిచేసిన స్త్రీల చరిత్రలు పుస్తకాలుగా రాసింది. 2024లో చనిపోయేదాకా ఆ పని మానలేదు. ఇక్కడ స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి తెలంగాణా పోరాటంలోని స్త్రీల గొంతులు వినిపించింది. భయం కథలకీ, బొమ్మల కథలకీ, పిల్లల పత్రికలకీ ఆ పని ఇంకా మొదలుపెట్టాల్సే ఉంది. అవి చిన్న సాహిత్యం అని మనమే పక్కన పెట్టాం.

చెయ్యాల్సింది ఏమీ గొప్పది కాదు. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు పాత సంచికలు ముందు పెట్టుకుని, కథ కింద పేరున్న ప్రతి స్త్రీనీ రాసుకుంటూ పోవాలి. ఊరు పేరుంటే ఊరు రాసుకోవాలి. బతికున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ కథ ఎవరి దగ్గర విన్నారో అడగాలి. చాలామంది అమ్మమ్మ అనో నాయనమ్మ అనో చెబుతారని నా నమ్మకం. అప్పుడు ఆమె పేరేమిటని కూడా అడిగి రాసుకోవాలి.